పద్మకుమారి కాగితాల దారి

పద్మకుమారి ఆ కంపెనీలో చేరిన రోజున పెద్ద గుమాస్తా ఆమె చేతికి ఒక ఫైలు ఇచ్చి, క్వాలిటీ ఆఫీసు ఎటో చూపించి, దారిలో ఎక్కడా కింద పెట్టవద్దని చెప్పాడు. ఇరవై రెండేళ్లపాటు ఆమె ఆ మాట దాటలేదు.

కంపెనీ జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో ఉంది. లారీల కింద బరువు మోసే కమాన్ కట్టలు అక్కడ తయారవుతాయి. ఒక గేటులోంచి ఉక్కు పట్టీలు వస్తాయి. వాటిని నరికి, ఫర్నెస్‌లో ఎర్రగా కాల్చి, వంచి, వేడి నూనెలో ముంచి, మళ్లీ కాచి, రంగు వేసి, కట్టలుగా బిగించి ఇంకో గేటులోంచి బయటికి పంపుతారు. ఈ పని అంతా కళ్లకు కనిపించేదే. కనిపించకుండా దాని వెంబడే నడిచేవి కాగితాలు. పట్టీ వచ్చిందని ఒకటి, కాల్చమని ఒకటి, పరీక్షించారని ఒకటి, పంపమని ఒకటి. ఆ కాగితాలకు కాళ్లు లేవు. కాళ్లు పద్మకుమారివి.

పలాస దగ్గరి ఊరి నుంచి పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చేనాటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. ఎనిమిదో తరగతి చదివింది. భర్త అసిరయ్య టాటానగర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో కాంట్రాక్టు మనిషి. సిద్ధగోరాలో రెండు గదుల ఇల్లు. హిందీ ఆమెకు కూరగాయల బజారులో వచ్చింది. ఇంగ్లీషు మాత్రం కాగితాల మీద వచ్చింది. చదవడం కన్నా ముందు గుర్తుపట్టడం నేర్చుకుంది. తెల్లది స్టోర్స్‌కు, పసుపుపచ్చది ఇన్‌స్పెక్షన్‌కు, ఆకుపచ్చది డిస్పాచ్‌కు. సంతకాలన్నీ మనుషుల ముఖాల్లా ఎరుకే. ఏ సాహెబు సంతకం ముందుకు వంగితే కోపంలో ఉన్నాడో కూడా చెప్పేది. స్టోర్ కీపరు భోజనానికి పన్నెండున్నరకే లేస్తాడని, డిస్పాచ్ ఆఫీసరు టీ తాగాకే కలం తీస్తాడని తెలుసు కనుక ఏ కాగితం ముందు పెట్టాలో, ఏది అడుగున దాచాలో ఆమే నిర్ణయించుకునేది. ఆ నిర్ణయాలు తను చేస్తున్నానని ఆమెకూ తెలియదు, కంపెనీకీ తెలియదు. అందరికీ ఆమె ఫైళ్లు మోసే పద్మా దీదీ.

రెండు వేల ఇరవై మూడులో కంపెనీ కాగితాలన్నీ తీసేసి కంప్యూటరు పద్ధతి పెట్టాలని నిశ్చయించింది. కంప్యూటర్లు అంతకు ముందూ ఉన్నాయి, ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఒక్కోటి, దేని లోకం దానిది. ఇప్పుడు అన్నిటినీ ఒకే తాటి మీదికి తేవాలి. ఆ బాధ్యత ఐటీ మేనేజరు ఫ్రాంక్లిన్‌ది. ఫ్రాంక్లిన్ తల్లిదండ్రులు కాకినాడ వైపు వాళ్లు, అతను పుట్టి పెరిగింది ఇక్కడే. కారిడార్‌లో ఎదురైతే తెలుగులో పలకరించే ఒకే ఒక్క ఆఫీసరు. అతనికి తోడు సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి సౌరభ్ అనే యువకుడు వచ్చాడు. సౌరభ్ మేనేజర్లందర్నీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పని ఎలా సాగుతుందో అడిగాడు. వాళ్లు చెప్పినట్టే రాసుకున్నాడు. మీటింగ్ గది గోడ నిండా ఖాకీ కాగితం అంటించి నీలం సిరాతో దారులు గీశాడు. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉన్న పటం అది.

ఆ పటం ప్రకారం ఒక వారం పరీక్షగా నడిపారు. మూడో రోజుకే చిక్కొచ్చి పడింది. తెర మీద చూస్తే సరుకంతా ఇన్‌స్పెక్షన్ దగ్గర ఆగిపోయి ఉంది. యార్డులో చూస్తే అదే సరుకు లారీ ఎక్కి వెళ్లిపోయింది. ఎక్కడ తప్పిందో నలుగురు ఇంజనీర్లు కూర్చుని వెతికారు. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. మేనేజర్లు తాము చెప్పింది నిజమేనన్నారు.

ఆ సాయంత్రం నాలుగింటికి పద్మకుమారి ఫైళ్లతో ఆ గది ముందు నుంచి వెళ్తూ గోడ మీది పటం చూసి ఆగింది. గుమ్మం దగ్గర నిలబడి ఇది ఏమిటని ఫ్రాంక్లిన్‌ను అడిగింది. మన కంపెనీలో కాగితాలు నడిచే దారి అని అతను చెప్పాడు. ఆమె చాలాసేపు చూసింది. ఆఫీసర్ల మాట కాదనే అలవాటు ఆమెకు లేదు. అయినా ఈ ఒక్క విషయంలో తనకన్నా తెలిసినవాళ్లు ఆ ఆవరణలో లేరన్న సంగతి ఆమెకు తెలుసు.

"కాయితం ఇలా ఎల్లదు బాబూ," అంది. "ఇలా ఎల్తాదని మీకెవులు సెప్పారు?"

ఫ్రాంక్లిన్ కుర్చీలోంచి లేచాడు. ఎలా వెళ్తుందో చెప్పమన్నాడు. చెప్పడం తనకు రాదని, కావాలంటే రేపు పొద్దున తన వెనక రమ్మని ఆమె అంది.

మర్నాడు ఎనిమిదింటికి ఆమె ముందు నడిచింది. ఫ్రాంక్లిన్, సౌరభ్ నోటుపుస్తకాలతో వెనక నడిచారు. ఒక రోజుకని బయల్దేరింది ఆరు రోజులైంది. మొదటి రోజు మధ్యాహ్నానికే సౌరభ్‌కు బూట్లు కరిచి మడమలు బొబ్బలెక్కాయి. పటంలో పన్నెండు మజిలీలున్నాయి. పద్మకుమారి ఆగినవి ముప్ఫై ఏడు. స్టోర్స్ నుంచి తెల్ల కాగితం నేరుగా ఫర్నెస్‌కు వెళ్తుందని మేనేజరు చెప్పాడు. అది ముందు క్రేన్ ఆపరేటరు దగ్గరికి వెళ్తుంది, ఎందుకంటే క్రేన్ ఖాళీ లేని రోజు ఆ కాగితానికి అర్థమే లేదు. ఇలాంటివి పాతికదాకా తేలాయి. ఏదీ ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఏదో ఒక రోజు ఏదో ఒక ఇబ్బంది వచ్చినప్పుడు ఎవరో ఒకరు చేసుకున్న సర్దుబాటు, అదే ఏళ్ల తరబడి దారి అయి కూర్చుంది.

అన్నిట్లో విచిత్రమైంది గులాబీ చీటీ. ఫర్నెస్ దగ్గర తవిటయ్య అనే మేస్త్రీ ఉన్నాడు. సోంపేట మనిషి, ముప్ఫై ఏళ్లుగా మంట ముందే బతుకు. ఫర్నెస్‌లోకి ఒకసారి ఎక్కించిన పట్టీల జట్టును ఛార్జి అంటారు. ప్రతి ఛార్జి దిగగానే తవిటయ్య దాని నంబరు, అది ఏ ఏ తోపుడు బళ్ల మీదికి ఎక్కిందీ ఒక గులాబీ రంగు చీటీ మీద రాసి పద్మకుమారికి ఇచ్చేవాడు. ఆమె దాన్ని పసుపు కాగితానికి గుండుసూదితో గుచ్చి ఇన్‌స్పెక్షన్‌లో ఇచ్చేది. చూసిన వెంటనే ఇన్‌స్పెక్టరు ఆ చీటీని సొరుగులో వేసేవాడు.

ఇది ప్రొసీజర్‌లో లేదు కదా అని సౌరభ్ అడిగాడు. పద్మకుమారి తనకు వచ్చిన హిందీలో ఒక్కటే చెప్పింది. గులాబీ చీటీ లేకుండా ఇన్‌స్పెక్టరు పసుపు కాగితం మీద సంతకం పెట్టగా తను ఏనాడూ చూడలేదని. తెర మీద సరుకు ఎందుకు ఆగిపోయిందో ఫ్రాంక్లిన్‌కు అప్పుడు వెలిగింది. యంత్రం ఆ చీటీని ఎరగదు. ఇన్‌స్పెక్టరు చీటీ చూసి సరుకు వదిలేస్తున్నాడు, కంప్యూటరులో నొక్కడానికి అతనికి కారణం కనపడటం లేదు.

ఆరో రోజు ముగ్గురూ మీటింగ్ గదిలోకి వచ్చారు. సౌరభ్ ఎర్ర సిరా తీసుకుని పద్మకుమారి దారులన్నీ అదే పటం మీద గీయడం మొదలుపెట్టాడు. గంటన్నర గీశాడు. అయ్యేసరికి నీలం గీతలు ఎర్ర గీతల కింద ఏరు కింద ఇసుకలా మునిగిపోయాయి. పద్మకుమారి కుర్చీ అంచున కూర్చుని చూసింది. తను రోజూ నడిచేది ఎప్పుడూ ఒక్కో అడుగుగానే తెలుసు. మొత్తం కలిపి ఒక చోట ఇలా ఉంటుందని, దానికి ఒక ఆకారం ఉంటుందని ఆమె ఊహించలేదు. లేచి దగ్గరికెళ్లి పెయింట్ షాపు నుంచి యార్డుకు పోయే గీత మీద వేలు పెట్టి చూసింది. వానాకాలం అక్కడ నీళ్లు నిలుస్తాయి. కాగితాలు తడవకుండా చీర కొంగులో చుట్టుకుని దాటే చోటు.

సౌరభ్ తన ఫోను తీసి లెక్క చూశాడు. రోజుకు పదకొండు కిలోమీటర్లు. ఇరవై రెండేళ్లు. కాసేపు ఆ అంకె వైపే చూసి, దీదీ, మీరు ఈ ఆవరణ దాటకుండానే భూమిని దాదాపు రెండు చుట్లు తిరిగారు అన్నాడు హిందీలో. ఆ మాట తర్వాత అతను ఆమె ముందు కూర్చుని మాట్లాడటం ఎవరూ చూడలేదు. ఆమె నిలబడితే తనూ లేచి నిలబడేవాడు.

పటం మార్చారు. గులాబీ చీటీ పద్ధతిలోకి వచ్చింది. ఫర్నెస్ పక్కన తవిటయ్యకు ఒక చిన్న తెర పెట్టారు. ఛార్జి దిగగానే నంబరు నొక్కితే తప్ప తెర మీద ఇన్‌స్పెక్షన్‌కు దారి తెరుచుకోదు. మేనేజర్లలో ఇద్దరు ఇదంతా అనవసరపు బరువన్నారు. ఫ్రాంక్లిన్ ఒప్పుకోలేదు.

"సాఫ్ట్‌వేర్ కొనడం ఒక పూట పనక్కా," అని ఆ రోజు పద్మకుమారితో అన్నాడు. "మన కంపెనీ అసలు ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. అది నీ దగ్గరుందని నాకు తెలియలేదు."

కొత్త పద్ధతి మొదలైన పొద్దున అతను ఆమెను సర్వర్ గదికి తీసుకెళ్లాడు. జూన్ నెల, బయట నిప్పులు చెరుగుతోంది, లోపల పుష్యమాసపు చలి. నల్లటి బీరువా ఒకటి, దాని నిండా ఆకుపచ్చ దీపాలు మినుకుమంటున్నాయి. ప్రతి మినుకూ ఎక్కడో ఎవరో ఏదో పంపుతున్నారనడానికి గుర్తని చెప్పాడు. ఇందులో ఉన్నదంతా ప్రతిరోజూ ఇంకో ఊళ్లో మరో బీరువాలోకి నకలుగా వెళ్తుందని, ఇది తగలబడినా కంపెనీ జ్ఞాపకం పోదని చెప్పాడు. పద్మకుమారి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఆ దీపాల వంక చూస్తూ నిలబడింది. అంతలో స్టోర్స్ నుంచి క్రేన్ ఆపరేటరుకు ఒక కాగితం వెళ్లింది. ఫ్రాంక్లిన్ తెర మీద చూపించాడు. ఇక్కడ వెలిగింది, అక్కడ వెలిగింది. మధ్యలో ఏమీ లేదు.

"నాలుగొందల పన్నెండు అడుగులు బాబూ అది," అంది ఆమె మెల్లగా. "నాను లెక్కెట్టుకున్నాను."

ఆ తర్వాత మూడు వారాలు ఆమెకు మోయడానికి ఏమీ లేదు. కారిడార్‌లో స్టూలు మీద కూర్చుంది. కాళ్లు ఊరుకోక సాయంత్రాలు ఊరికే యార్డుదాకా వెళ్లి వచ్చేది. ఇంట్లో అసిరయ్యకు చెప్పలేదు. వింత ఎంత గొప్పదైనా అందులో తనకు చోటుందో లేదో తెలియనప్పుడు మనసు రెండు ముక్కలుగా ఉంటుంది. ఆమెకు ఆ తెరల మీద కోపం రాలేదు. అంత అందంగా పనిచేసేదాన్ని తిట్టుకోవడానికి ఆమెకు నోరు రాలేదు. రేపు నన్నేం చేస్తారన్న ఆలోచన మాత్రం పోలేదు.

నాలుగో వారంలో మనుషులు ఆమె స్టూలు దగ్గరికి రావడం మొదలైంది. ఫలానాది నొక్కితే ముందుకు పోవడం లేదని క్రేన్ ఆపరేటరు, నా తెర మీద ఏదో ఎర్రగా వచ్చిందని పెయింట్ షాపు వాడు. ఐటీ గదిని అడగడానికి వాళ్లకు బెరుకు. పద్మా దీదీ అయితే తమ మనిషి. ఆమెకు తెరలు తెలియవు, దారి తెలుసు. "నీ ముందు మజిలీవాడు వదిలాడో లేదో కనుక్కో," అనేది హిందీలో. పదింట ఎనిమిది సార్లు సమస్య అదే అయ్యేది. ఫ్రాంక్లిన్ ఇది గమనించి వర్క్స్ మేనేజరు దగ్గరికి వెళ్లాడు. హెల్ప్ డెస్క్‌కు బయటినుంచి మనిషిని తెచ్చుకునే బదులు ఈమెను కూర్చోబెడదామన్నాడు. ఎనిమిదో తరగతి కదా అని ఆయన సందేహించాడు. పటం గోడ మీద ఇంకా ఉంది. ఫ్రాంక్లిన్ ఆయన్ను ఆ గదికి తీసుకెళ్లి ఎర్ర గీతలు చూపించాడు. ఆయన సరేనన్నాడు.

అలా ఆమెకు ఒక బల్ల, ఒక ఫోను, తన పేరు మీద ఒక లాగిన్ వచ్చాయి. మూడు నెలలు నేర్చుకుంది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని ఫ్రాంక్లిన్ అంటే అక్షరాలా పట్టుకుంది. నర్సింగ్ చదువుతున్న కూతురు రోహిణి సరదాకి అడిగింది.

"ముఝే భీ నహీఁ, మమ్మీ?"

"నీకు కూడా సెప్పకూడదే," అంది పద్మకుమారి. రోహిణి నవ్వింది గానీ ఆమె నవ్వలేదు.

ఆ లాగిన్ బరువు ఎంతో ఆమెకు ఒక మధ్యాహ్నం తెలిసింది. లారీ గేటు దగ్గర ఆగి ఉంది, ఇన్‌స్పెక్షన్ ఇంకా పూర్తికాలేదు. డిస్పాచ్ ఆఫీసరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, నీ దాంట్లోంచి దాటించేయి, సాయంత్రం సరిచేద్దాం అన్నాడు. ఇరవై రెండేళ్లు ఆ మనిషి టీ తాగేదాకా గుమ్మం బయట నిలబడిన మనిషి ఆమె. అలా చేస్తే చేసింది తనేనని అందులో శాశ్వతంగా ఉండిపోతుందని, దాన్ని చెరపడం తన వల్లా కాదని, ఆయన వల్లా కాదని చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది. వెనుదిరిగి వెళ్లిపోయాడు. లారీ ఇన్‌స్పెక్షన్ అయ్యాకే కదిలింది. తన నోటినుంచి కాదన్న మాట వచ్చిందని, వినవలసినవాడు విన్నాడని ఆమెకు చాలాసేపటిదాకా నమ్మకం కలగలేదు.

ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక ఉదయం పది దాటాక కొనుగోలు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. వాళ్ల పరీక్షలో ఒక కమాన్ పట్టీ పగిలింది. పట్టీ మీది నంబరు చెప్పారు. తవిటయ్యను పిలిచారు. ఆ నంబరు చూసి అతను, ఆ ఛార్జి నాడు నూనె పంపు కాసేపు ఆగిందని, రిపేరు చేశారు గానీ అప్పటికే ముంచిన పట్టీలు పెళుసుబారి ఉండొచ్చని దాచకుండా చెప్పాడు. పెళుసు కమాన్ లోడు లారీ కింద ఘాట్ రోడ్డు మీద విరిగితే ఏమవుతుందో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏడేళ్ల కిందట ఇలాంటిదే ఒకటి వచ్చింది. ఎనిమిది మంది తొమ్మిది రోజులు రిజిస్టర్లు తిరగేశారు. తేలక నాలుగు లారీల సరుకు మొత్తం వెనక్కి తెప్పించారు. అందులో అన్నీ ఉన్నాయో లేవో ఇప్పటికీ తెలియదు.

ఫ్రాంక్లిన్ ఆ రోజు సెలవులో ఉన్నాడు. వర్క్స్ మేనేజరు స్వయంగా పద్మకుమారి బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె ఛార్జి నంబరు కొట్టింది. ఒకసారి తప్పు పడింది. మళ్లీ కొట్టింది.

తెర ఒక్క క్షణం తెల్లబడి, తర్వాత కొమ్మలు వేసింది. ఆ ఛార్జిలో రెండు వందల నలభై పట్టీలు. తొంభై ఆరు పెయింట్ షాపులో, ఏ బండి మీదున్నాయో నంబర్లతో సహా. ఎనభై నాలుగు యార్డులో. మిగిలిన అరవై పట్టీలు రెండు లారీల్లో బయటికి వెళ్లాయి. నలభై దింపిన లారీ ఒకటి, ఇరవై ఎక్కిన లారీ ఇంకా దారిలో. డ్రైవరు ఫోను నంబరు కూడా అక్కడే ఉంది. గదిలో అందరూ ఆ తెరను గుడిలో హారతి చూసినట్టు చూస్తున్నారు. పద్మకుమారి ఒక్కొక్కటే పైకి చదివింది. మనుషులు పరుగెత్తారు. డ్రైవరు బహరాగోరా దాటాక ఒక ధాబా దగ్గర బండి ఆపాడు. అవతలి కంపెనీవాళ్లు నలభై పట్టీలూ విడిగా పెట్టామని తిరిగి ఫోను చేశారు.

రెండు వందల నలభై. ఒక్కటి తగ్గలేదు. వర్క్స్ మేనేజరు గోడ గడియారం చూశాడు. పదకొండు నిమిషాలు.

అంతవరకు తలుపు దగ్గర నిలబడ్డ తవిటయ్య తెర దగ్గరికి వచ్చాడు. చెమటా మసీ కలిసిన చేతిని ప్యాంటుకు తుడుచుకుని, ముట్టుకోకుండానే చూపించాడు.

"మంచి ఛార్జి కూడా ఇలాగే కనబడతాదేటి పద్మమ్మా?"

ఎందుకు కనబడదు అందామె. ఏది కావాలో చెప్పమంది. తన మనవరాలు పుట్టిన నాటి పొద్దున దించిన ఛార్జి అన్నాడతను, కిందటి నవంబరు. తేదీ కొట్టింది. కొమ్మలు వచ్చాయి. సగం లారీల కంపెనీకి. కొన్ని సిలిగురిలో విడిభాగాల డిపోకు. కొన్ని నెల్లూరుకు, పదహారు డిమాపూర్‌కు. డిమాపూర్ ఎక్కడని తవిటయ్య అడిగాడు. పద్మకుమారికీ తెలియదు. వర్క్స్ మేనేజరు ఫోనులో పటం తెరిచి, దేశం తూర్పు కొసన, కొండల్లో చూపించాడు. మంట ముందు ముప్ఫై ఏళ్లు నిలబడ్డ మనిషి ఆ చుక్క వంక కన్నార్పకుండా చూశాడు. తను కాల్చిన ఇనుము ఫర్నెస్ షెడ్డు తలుపు దాటాక ఏమవుతుందో అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"నాను ఖడగ్‌పూర్ దాటి ఎల్లలేదు," అన్నాడు.

మర్నాటి నుంచి ఫర్నెస్ వాళ్లు, క్రేన్ వాళ్లు, రంగు వేసే ఆడవాళ్లు టీ వేళకు వంతులు వేసుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. తాము చేసినవి ఎక్కడికి వెళ్లాయో చూపించమన్నారు. వారం చూసి ఫ్రాంక్లిన్ క్యాంటీన్ గోడకు పెద్ద తెర ఒకటి పెట్టించాడు. కిందటి వారం ఛార్జిలు ఏ ఏ ఊళ్లకు చేరాయో దేశపటం మీద చుక్కలుగా వెలుగుతాయి. ఎవరు ఏం చూడొచ్చో, ఎవరికి ఏది కనపడకూడదో నిర్ణయించే కమిటీలో ఇప్పుడు పద్మకుమారి కూర్చుంటుంది. మొదటి సమావేశంలో ఆమె అడిగింది ఒకటే. తెర మీద అత్యవసరమని ఎర్ర గుర్తు పెట్టే హక్కు ప్రతివాడికీ ఇచ్చారు, అందరూ అన్నిటికీ పెడుతున్నారు, డిపార్ట్‌మెంటుకు రోజుకు మూడే ఇవ్వండి అని. ఇచ్చారు.

ఆమెకు రిటైర్మెంట్ ఇంకా అయిదేళ్లుంది. రోజూ పొద్దున సిద్ధగోరా నుంచి సాక్చీ, అక్కడి నుంచి ఖర్కాయి వంతెన మీదుగా ఆటోలో వస్తుంది. వంతెన మీద కమాన్లు కిర్రుమంటూ లోడు లారీ పక్కనుంచి వెళ్తే తల వంచి దాని కిందికి చూస్తుంది. ఆటోలోవాళ్లు ఏమిటని అడిగితే చెప్పదు. ఆటో దిగి గేటు దగ్గర కార్డు గీస్తుంది, చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి చూసి, అప్పుడు లోపలికి నడుస్తుంది.